మెజార్టీ లెక్క ఎక్కడ తప్పింది?

2019లో సూళ్లూరుపేటలో వైసీపీ అభ్యర్థి కిలివేటి సంజీవయ్యకు వచ్చిన మెజార్టీ 61 వేల పైమాటే. ఐదేళ్లు తిరిగేసరికి అదే అభ్యర్థి, అదే ఫ్యాను గుర్తు, అవే ఆరు మండలాలు. అయినా టీడీపీ అభ్యర్థి నెలవల విజయశ్రీ 29 వేల పైచిలుకు ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. ఉమ్మడి నెల్లూరు జిల్లాలో 2019లో పదికి పది సీట్లూ తెచ్చుకున్న పార్టీకి 2024లో ఒక్కటీ దక్కలేదు. రాష్ట్రమంతటా అన్ని సీట్లూ మావేనంటూ ‘వై నాట్ 175’ అన్నవాళ్లు 11 దగ్గర ఆగిపోయారు. ఇలా ఎందుకైందని ఎవరిని అడిగినా జవాబు సిద్ధంగానే ఉంటుంది. ఆ జవాబుల్లో చాలావాటికి కాళ్లు లేవు. ఇది ఒక్క పార్టీ గోడు కాదు, రేపు ఎవరికైనా ఎదురయ్యేదే. అందుకే ఒక్కొక్కటీ తీసి చూద్దాం.

అపోహ: పథకం అందిన ఇంట్లో ఓట్లన్నీ మనవే.

అన్ని అంచనాలకూ పునాది ఇదే, అన్నిటికంటే ముందు కూలిందీ ఇదే. ఊరికి ఎంతమంది లబ్ధిదారులు, ఒక్కో ఇంటికి ఎంత డబ్బు చేరింది అన్నది కంప్యూటర్‌లో ఉంటుంది కాబట్టి, దాన్నే ఓట్ల జాబితాగా చదువుకున్నారు. ఇంతకుముందు టీడీపీ చేసిన పొరపాటూ ఇదే. 2019 ఎన్నికల ముందు పింఛను రెండు వేలు చేశారు. పసుపు-కుంకుమ కింద డ్వాక్రా మహిళలకు పది వేలు మూడు విడతల్లో వేశారు, చివరి విడత పోలింగ్ నెలలోనే పడింది. అయినా ఆ పార్టీకి వచ్చినవి 23 సీట్లు.

డబ్బు అందుకున్నవాళ్లకు విశ్వాసం లేదని దీన్నిబట్టి నిందించడం అన్యాయం. ప్రతి నెలా ఇంటికొచ్చే పింఛనును అవ్వ కొన్నాళ్లకు తన హక్కుగా చూస్తుంది, అలా చూడటమే సరైనది. 2024 జనవరి నాటికి అది మూడు వేలైంది. అవతలివాళ్లు నాలుగు వేలిస్తాం, ఏప్రిల్ నుంచి లెక్కగట్టి ఇస్తాం అన్నారు. అప్పుడు అవ్వ ముందున్న ప్రశ్న ‘ఇచ్చారా లేదా’ అన్నది కాదు, ‘రేపు ఎవరు ఎంతిస్తారు’ అన్నది.

పైగా ఒక ఇల్లంటే ఒక ఓటు కాదు. తడ, సూళ్లూరుపేట మండలాల ఊళ్లలో తెల్లవారకముందే కంపెనీ బస్సులు వచ్చి ఆగుతాయి, ఆడపిల్లలు శ్రీసిటీ ఫ్యాక్టరీల షిఫ్టులకు వెళ్తారు. ఇంకొందరు లోకల్ రైలెక్కి చెన్నై వైపు పోతారు. అప్పట్లో ఆ ఇంట్లో తల్లికి చేయూత పథకం డబ్బు, నాయనమ్మకు పింఛను అందుతుండేవి. జాబితాలో అది లబ్ధిదారు ఇల్లే. కానీ జీతం తెచ్చుకునే పిల్ల అడిగేది వేరు: ఊళ్లోకి రోడ్డు, రాత్రి షిఫ్టు దిగి వచ్చేటప్పుడు వెలుతురు, డిగ్రీ చదివిన తమ్ముడికి ఉద్యోగం. పులికాట్ చేపలవాళ్ల సంగతీ అంతే. రాయదొరువు దగ్గర ముఖద్వారం పూడిపోతే సరస్సులో ఈ వైపుకు సముద్రపు నీరు సరిగా రాదు, నీరు రాకపోతే చేప లేదు. పూడిక తీయమని వాళ్లు అడుగుతూ వచ్చింది ఏళ్ల తరబడి. ఇరకం దీవిలో ఉన్నవాళ్లు ఆస్పత్రికైనా సంతకైనా పడవెక్కాల్సిందే. ఇలాంటివి ఖాతాలో డబ్బు వేస్తే తీరేవి కావు.

నాయుడుపేట, ఓజిలి, పెళ్లకూరు వరి పల్లెల్లో ఇంకో భయం చేరింది. వైసీపీ ప్రభుత్వం తెచ్చిన భూహక్కు చట్టం గురించి ఎవరికి తోచినట్టు వాళ్లు చెప్పుకున్నారు. చట్టంలో ఏముందో చదివినవాళ్లు తక్కువ. కానీ పాసుపుస్తకం మీద, సర్వే రాయి మీద అప్పటి ముఖ్యమంత్రి బొమ్మ అందరూ చూశారు. తాత ఇచ్చిన ఎకరం మీద ఎవరి బొమ్మో ఎందుకని రైతు అడిగితే, ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగే మనిషి పార్టీ తరఫున ఊళ్లో లేడు.

అపోహ: వాలంటీర్లుండగా కార్యకర్తలతో పనేముంది?

జవాబు చెప్పే ఆ మనిషి ఏమైనట్టు? 2019 ఆగస్టు 15న వాలంటీర్ల వ్యవస్థ మొదలైంది. యాభై ఇళ్లకొకరు చొప్పున రాష్ట్రంలో రెండున్నర లక్షల మందికి పైగా పనిచేశారు. జనానికి అది నిజంగా మేలు చేసిందనే నేనంటాను. సర్టిఫికెట్ కోసం ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరగడం తగ్గింది. కానీ అంతకుముందు ఆ పనికి వెంట వచ్చే ఊరి పెద్దకు, వార్డు మెంబరుకు, పార్టీ జెండా మోసిన కుర్రాడికి పని లేకుండా పోయింది. చేసిన పనులకు బిల్లులు రాలేదన్న బాధ చాలా ఊళ్లలో వినిపించింది. ‘ఏందన్నా, మనూరు ఎట్టుంది?’ అని నాయకుడు అడిగితే, ‘బాగలేదన్నా’ అని మొహం మీద చెప్పగలిగేది అలాంటివాళ్లే. వాళ్లు దూరమయ్యాక పైకి చేరినవి లబ్ధిదారుల అంకెలే. ఎన్నికల ముందు, 2024 మార్చి ఆఖరులో, పింఛన్ల పంపిణీ నుంచి వాలంటీర్లను ఎన్నికల సంఘం పక్కనపెట్టింది. దాంతో పార్టీ చేతిలో అటు వాలంటీరూ లేడు, ఇటు మనసున్న కార్యకర్తా లేడు.

నా లెక్కలో ఓటమికి అసలు కారణం ఇదే, మిగతావన్నీ దీని తర్వాతే.

అపోహ: స్థానిక ఎన్నికల్లో ఊడ్చేశాం కాబట్టి అసెంబ్లీ నల్లేరు మీద నడకే.

2021లో నాయుడుపేట, సూళ్లూరుపేట మున్సిపాలిటీలు వైసీపీవే. ఆ ఏడాదే నవంబరులో నెల్లూరు కార్పొరేషన్‌లో 54కి 54 డివిజన్లూ తెచ్చుకున్నారు. ‘175’ అన్న మాటకు ధైర్యం అక్కడి నుంచే వచ్చింది. కానీ స్థానిక ఎన్నికల్లో అధికారంలో ఉన్నవాళ్లకు మొగ్గు ఎప్పుడూ ఉంటుంది. నిధులు రావాలంటే వాళ్లతో ఉండాలని ఊరు అనుకుంటుంది, ఎదుటి పార్టీలో చాలామంది నామినేషనే వేయరు. అది ఇష్టానికి కొలత కాదు.

నిజమైన హెచ్చరిక 2023 మార్చిలో వచ్చింది. ప్రకాశం, నెల్లూరు, చిత్తూరు ఉమ్మడి జిల్లాల పట్టభద్రుల ఎమ్మెల్సీ సీటును టీడీపీ అభ్యర్థి కంచర్ల శ్రీకాంత్ గెలిచారు. మిగతా రెండు పట్టభద్రుల సీట్లూ ఆ పార్టీకే పోయాయి. చదువుకున్న కొద్దిమంది ఓట్లే కదా అని కొట్టిపారేశారు. అదే నెలలో పార్టీ సస్పెండ్ చేసిన నలుగురు ఎమ్మెల్యేల్లో ముగ్గురు నెల్లూరు జిల్లావాళ్లే: ఆనం రామనారాయణరెడ్డి, కోటంరెడ్డి శ్రీధర్‌రెడ్డి, మేకపాటి చంద్రశేఖర్‌రెడ్డి. ఆనం అప్పుడు సూళ్లూరుపేట పక్కనే ఉన్న వెంకటగిరి ఎమ్మెల్యే. ఇంటి మనుషులు ఒక్కొక్కరే గడప దాటుతున్నప్పుడు ఆగి కారణం అడగాల్సింది.

అపోహ: 61 వేలు పోయి 29 వేలు మైనస్. అంటే 90 వేల మంది మనసు మార్చుకున్నట్టే.

కాదు. ఒక ఓటరు ఇటు నుంచి అటు మారితే ఇక్కడ ఒకటి తగ్గుతుంది, అక్కడ ఒకటి పెరుగుతుంది, తేడా రెండు. కాబట్టి 90 వేల తేడా రావడానికి సుమారు 45 వేల మంది మారితే చాలు. కొత్త ఓటర్లను, పోయినసారి పోలింగ్‌కు రానివాళ్లను కలిపితే అంతమందీ అక్కర్లేదు. మెజార్టీ ఎంత పెద్దదైనా దాని కింద ఉన్న నేల అందులో సగమే.

ఇక మెజార్టీని ముందే ప్రకటించడం ఇంకో ప్రమాదం. ఎంపీ బల్లి దుర్గాప్రసాదరావు మరణంతో 2021 ఏప్రిల్‌లో, సూళ్లూరుపేట కూడా భాగమైన తిరుపతి లోక్‌సభ స్థానానికి ఉప ఎన్నిక వచ్చింది. ఐదు లక్షల మెజార్టీ అని నాయకులు చాటారు. మద్దిల గురుమూర్తి 2.71 లక్షలతో గెలిచారు. 2019లో వచ్చిన 2.28 లక్షల కంటే అది ఎక్కువే, ఓట్ల శాతమూ పెరిగింది. అయినా తగ్గినట్టే మాట్లాడుకున్నారు. పోలింగ్ 79 శాతం నుంచి 64 దగ్గరకు పడిపోయిన ఎన్నికలో ఆ ఐదు లక్షలు ఎక్కడి నుంచి వస్తాయని ఎవరూ లెక్క వేయలేదు.

అపోహ: గాలి వీస్తే ఎమ్మెల్యేకు, ఎంపీకి ఓటు ఒకేలా పడుతుంది.

దీన్ని తిరుపతి లోక్‌సభ ఓటరే కొట్టేశాడు. 2024లో తిరుపతి లోక్‌సభ కింద ఉన్న ఏడు అసెంబ్లీ స్థానాలూ టీడీపీ-జనసేన-బీజేపీ కూటమివే. ఆరు టీడీపీ, తిరుపతి నగరం జనసేన. అయినా ఎంపీగా గెలిచింది వైసీపీ గురుమూర్తే, బీజేపీ అభ్యర్థి వరప్రసాదరావు మీద 14,569 ఓట్లతో. కాంగ్రెస్ తరఫున నిలబడ్డ చింతా మోహన్‌కు వచ్చిన ఓట్లు ఆ తేడా కంటే చాలా ఎక్కువ.

సైకిలుకు ఓటేసిన చేయి కమలం దగ్గర ఆగిందంటే కారణాలు ఊహించవచ్చు. వరప్రసాదరావు 2014లో ఇదే సీటు నుంచి వైసీపీ ఎంపీ, 2019లో గూడూరులో ఆ పార్టీ ఎమ్మెల్యే, ఎన్నికల ముందే బీజేపీలోకి వచ్చారు. టీడీపీ కార్యకర్త ఆయన కోసం ఇల్లిల్లూ తిరగడం కష్టమే. దళిత వాడల్లో, ముస్లిం వీధుల్లో కమలం గుర్తుకు ఉన్న దూరం ఇంకొకటి. పొత్తు పై స్థాయిలో కుదిరినంత మాత్రాన ఓటు కింద బదిలీ కాదు.

అపోహ: యంత్రాలే మోసం చేశాయి.

2019లో ఓడినవాళ్లు ఈ మాటన్నారు, 2024లో ఓడినవాళ్లూ అన్నారు. ఒకే బూత్‌లో పక్కపక్కన పెట్టిన రెండు యంత్రాల్లో ఒకటి టీడీపీ ఎమ్మెల్యేను, మరొకటి వైసీపీ ఎంపీని గెలిపించిన చోట ఆ మాట నిలబడటం కష్టం. అనుమానం ఉంటే బూత్ ఏజెంటు చేతికిచ్చే ఫారం 17సీలో ఎన్ని ఓట్లు పోలయ్యాయో ఉంటుంది, దాన్ని లెక్కింపు రోజున సరిచూసుకోవచ్చు. ప్రతి అసెంబ్లీ సెగ్మెంటులో ఐదు బూత్‌ల వీవీప్యాట్ చీటీలు లెక్కిస్తారు.

అపోహ: 11 సీట్లంటే పార్టీ పనైపోయినట్టే.

2019లో టీడీపీకి 39.17 శాతం ఓట్లకు 23 సీట్లు వచ్చాయి. 2024లో వైసీపీకి 39.37 శాతానికి వచ్చింది 11. ఎదుటివాళ్లు విడివిడిగా ఉన్నారా, కలిశారా అన్నదాన్నిబట్టి సీట్లు మారతాయి. 2004లోనూ కాంగ్రెస్‌కు, టీడీపీకి ఓట్లలో తేడా ఒక్క శాతమే. పొత్తుల బలంతో కాంగ్రెస్ 185 తెచ్చుకుంటే టీడీపీ 47కు పడిపోయింది. సూళ్లూరుపేటలోనే 2014లో సంజీవయ్య గెలిచింది నాలుగు వేల లోపు ఓట్లతో. ఐదేళ్లకు అది 61 వేలైంది, మరో ఐదేళ్లకు ఓటమి అయింది. అంతటి ఊగిసలాట ఉన్న చోట 29 వేల మెజార్టీ కూడా ఎవరికీ శాశ్వత పట్టా కాదు. రాయదొరువు పూడిక, ఇరకం పడవ ప్రయాణం, డిగ్రీ చదివి ఇంట్లో కూర్చున్న తమ్ముడి ఉద్యోగం ఇప్పుడు గెలిచినవాళ్ల ఖాతాలోకి వచ్చాయి.