పుట్టినప్పటి సెట్టింగ్‌దే పెత్తనం

మదనపల్లె, పుంగనూరు, కుప్పం హాస్టళ్లలో చదివి నేడు కంప్యూటర్ల ముందు కూర్చున్న మేము, తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక చిన్న పాఠం చెప్పదలిచాము.

స్కాలర్‌షిప్ డేటాబేసులో బ్యాంకు ఖాతా నంబరు లేని విద్యార్థుల జాబితా కావాలనుకుందాం. ఖాళీ గడిని 'నల్' అంటారు. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 'ఆన్సీ నల్స్' ఆన్‌లో ఉండగా 'ఖాతా = నల్' అని అడిగితే ఒక్క పేరూ రాదు. ఆఫ్‌లో ఉంటే వస్తాయి.

స్టోర్డ్ ప్రొసీజరును తయారుచేసేటప్పుడు ఈ సెట్టింగ్ ఎలా ఉందో సర్వర్ దానితోపాటే దాచుకుంటుంది. తర్వాత మనం కనెక్షన్‌లో మార్చినా లెక్కచేయదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదన్నట్టు! మార్చాలంటే కొత్త సెట్టింగ్‌తో ప్రొసీజరును మళ్లీ తయారుచేయాల్సిందే. 'రోకౌంట్' వంటివి అలా కాదు. పిలిచినవారి సెట్టింగే లోపలా నడుస్తుంది. లోపల మార్చితే ప్రొసీజరు ముగిసేదాకా లోపలిదే చెల్లుతుంది.

కనుక జాబితా ఖాళీగా వచ్చిందని, అందరికీ ఖాతాలున్నాయని సంబరపడకండి. 'ఖాతా ఈజ్ నల్' అని రాయండి. ఆన్‌లో ఉన్నా ఆఫ్‌లో ఉన్నా జవాబు ఒక్కటే. ఆ ఖాళీ గడి వెనుక స్కాలర్‌షిప్ కోసం ఎదురుచూసే మనలాంటి విద్యార్థి ఉంటారని మరువకండి.