పిల్లల ఆరోగ్యం: మనకు అప్పగించబడిన అమానతు

సమస్త ప్రశంసలు మనల్ని పుట్టించి పోషిస్తున్న అల్లాహ్‌కే చెందుతాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పైనా, వారి కుటుంబీకులు, సహచరులపైనా శాంతి, శుభాలు వర్షించుగాక!



సంతానం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. ప్రతి సంరక్షకుడూ తన సంరక్షణలో ఉన్నవారిని గురించి జవాబు చెప్పుకోవలసి ఉంటుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. పిల్లలకు అన్నవస్త్రాలు సమకూర్చినంత మాత్రాన ఈ బాధ్యత తీరదు. రోగం రాకముందే వారిని కాపాడుకోవటం కూడా అందులో భాగమే.

ఇన్‌ఫ్లుయెంజాను మనం మామూలు జలుబుగా భావిస్తుంటాము. వాస్తవానికి అది వైరస్ వల్ల వచ్చే శ్వాసకోశ వ్యాధి. హఠాత్తుగా తీవ్ర జ్వరం, పొడిదగ్గు, ఒళ్లు నొప్పులు, నీరసం కలుగుతాయి. చాలామంది వారం రోజుల్లో కోలుకుంటారు. కాని ఐదేళ్లలోపు పిల్లల్లో, ముఖ్యంగా రెండేళ్లలోపు పసివారిలో, ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవారిలో అది న్యుమోనియాగా మారి ప్రాణం మీదికి తేవచ్చు. 2009లో ప్రపంచాన్ని కుదిపిన స్వైన్ ఫ్లూ కూడా ఇన్‌ఫ్లుయెంజాయే. మన దేశంలో దాని తొలి కేసు ఆ ఏడాది మే నెలలో హైదరాబాదులోనే నిర్ధారణ అయింది.

ఈ వ్యాధికి టీకా ఉంది. ఆరు నెలలు నిండిన బిడ్డకు దానిని వేయించవచ్చు. మొదటిసారి వేయించే చిన్నపిల్లలకు నాలుగు వారాల ఎడంతో రెండు మోతాదులు, ఆ తరువాత ఏటా ఒకటి చొప్పున అవసరం. వైరస్ తన రూపాన్ని మార్చుకుంటూ ఉంటుంది గనుక నిరుటి టీకా ఈ ఏటికి చాలదు. ఐదేళ్ల వరకు ఏటా వేయించాలని భారతీయ శిశువైద్యుల అకాడమీ సూచిస్తోంది. ఆరు నెలలలోపు శిశువులకు ఈ టీకా లేదు. తల్లి గర్భవతిగా ఉన్నప్పుడు వేయించుకుంటే ఆ రక్షణ బిడ్డకు కూడా అందుతుంది.

టీకా వేయించుకుంటేనే జ్వరం వస్తుందని కొందరు భయపడతారు. ఇంజెక్షన్ టీకాలో ఉండేది నిర్జీవమైన వైరస్ అంశమే. అది ఇన్‌ఫ్లుయెంజాను కలిగించలేదు. చేయి నొప్పి, స్వల్ప జ్వరం ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతాయి. టీకా వేయించుకున్నవారికి వ్యాధి అసలే రాదని చెప్పలేము. కాని తీవ్రత తగ్గుతుంది, ఆసుపత్రి పాలయ్యే ప్రమాదం తగ్గుతుంది.

“అంతా అల్లాహ్ చేతిలో ఉన్నప్పుడు టీకా ఎందుకు?” అని అడిగేవారూ ఉన్నారు. హజ్రత్ ఉమర్ (రజి) సిరియాకు వెళుతూ సర్గ్ అనే చోట, అక్కడ ప్లేగు వ్యాపించిందని విని వెనుదిరిగారు. “దైవ నిర్ణయం నుంచి పారిపోతున్నారా?” అని అబూ ఉబైదా (రజి) అడిగారు. తాము అల్లాహ్ నిర్ణయం నుంచి ఆయన మరో నిర్ణయం వైపుకే వెళుతున్నామని ఉమర్ (రజి) బదులిచ్చారు. ఒంటెను కట్టివేసి ఆ పైన అల్లాహ్‌ను నమ్ముకోవటమే తవక్కుల్. కట్టకుండా వదిలేయటం తవక్కుల్ కాదు.

సోదరులారా! ఇక ఆసుపత్రి విషయం. రోగిని పరామర్శించటం ముస్లింపై తోటి ముస్లింకు గల హక్కు, గొప్ప పుణ్యకార్యం. అయితే దగ్గుతో, జ్వరంతో పిల్లల వార్డుకు వెళ్లి మంచం చుట్టూ మూగితే ఆ పరామర్శే బిడ్డకు కీడవుతుంది. ఒంట్లో నలతగా ఉన్నవారు ఫోనులో పలకరించి, ఇంటి నుంచే దుఆ చేయాలి. వెళ్లేవారు ఒకరిద్దరే వెళ్లాలి, పిల్లలను వెంట తీసుకుపోరాదు. లోపలికి పోయే ముందూ, వచ్చిన తరువాతా చేతులు సబ్బుతో కడుక్కోవాలి, మాస్కు ధరించాలి. పసిబిడ్డ ముఖాన్ని ముద్దాడరాదు. బిడ్డకు ఫ్లూ ఉంటే వేరే గదిలోనో, ఇతర పిల్లల మంచాలకు దూరంగానో ఉంచమని సిబ్బంది చెప్పినప్పుడు దానిని అవమానంగా తీసుకోకూడదు. తుమ్మేటప్పుడు చేత్తోనో వస్త్రంతోనో ముఖం కప్పుకోవటం దైవప్రవక్త (స) అలవాటు.

పచ్చి వెల్లుల్లి తిన్నవారిని, ఇతరులకు ఇబ్బంది కలుగుతుందని ఆయన (స) మస్జిదుకు రావద్దన్నారు. వాసనకే ఇంత జాగ్రత్త అయితే వ్యాధికి ఎంత ఉండాలి! జ్వరంతో బాధపడేవారు ఇంట్లోనే జుహర్ నమాజు చేసుకోవచ్చు. వ్యాధిగ్రస్తునికి షరీఅత్ ఆ సడలింపు ఇచ్చింది.

బిడ్డ వేగంగా ఊపిరి తీస్తున్నా, డొక్కలు లోపలికి పోతున్నా, పెదవులు నీలిబడినా, పాలు తాగకపోయినా, మగతగా పడి ఉన్నా, ఫిట్స్ వచ్చినా తాయెత్తులతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వరాదు. వైద్యుడు చెప్పకుండా యాంటీబయాటిక్స్ వాడరాదు, అవి వైరస్‌పై పనిచేయవు.

ఈ టీకా ప్రభుత్వ ఉచిత టీకాల జాబితాలో లేదు. కొనలేని పొరుగువారు ఉంటారు. స్తోమత గలవారు తమ బిడ్డతో పాటు మరో పేదబిడ్డ టీకా ఖర్చు భరిస్తే అది ఎంత చక్కని సదఖా!

ఓ అల్లాహ్! మా పిల్లలను వ్యాధుల నుంచి కాపాడు. రోగగ్రస్తులకు స్వస్థత ప్రసాదించు. నీవు అప్పగించిన అమానతును నిలబెట్టుకునే భాగ్యాన్ని మాకు కలిగించు. ఆమీన్.