పాతినవాళ్లు వెళ్లిపోయినా పేలే మందుపాతర

చిలమత్తూరు, హిందూపురం, పెనుకొండ వైపు బాంబు అంటే ముందు గుర్తొచ్చేది ఫ్యాక్షనే. 1997 నవంబరు 19న హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో రోడ్డు పక్కన కారు బాంబు పేలింది. గురి అప్పటి పెనుకొండ ఎమ్మెల్యే పరిటాల రవి. ఆయన గాయాలతో బయటపడ్డారు. 26 మంది చనిపోయారు, వారిలో టీవీ సిబ్బందీ ఉన్నారు. పదేళ్ల తర్వాత, 2007 సెప్టెంబరులో నెల్లూరు జిల్లాలో మాజీ ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దన్‌రెడ్డి దంపతుల కోసం మావోయిస్టులు మందుపాతర పేల్చారు. వాళ్లు బతికారు, ముగ్గురు అనుచరులు పోయారు.

అలాంటి దాడులు పేపర్లో మొదటి పేజీకెక్కాయి కాబట్టి మనకు తెలుసు. అడవి పల్లెల్లో పోయినవాళ్ల సంగతి అంతగా తెలియదు. అది అర్థం కావాలంటే మందుపాతర ఎలా పేలుతుందో చూడాలి.

కొన్నింటిని దూరంగా పొంచి ఉన్న మనిషి పేలుస్తాడు. కల్వర్టు కిందో, రోడ్డు అంచునో పాతి, బండి దాని మీదికి వచ్చేదాకా కాచుకుంటాడు. వస్తున్నదెవరో చూసే వీలుంది. మావోయిస్టులు చూసే పేల్చారు. 2006 ఫిబ్రవరి 28న మన చింతూరుకు అవతల, ఛత్తీస్‌గఢ్‌లోని దర్భగూడ దగ్గర మావోయిస్టు వ్యతిరేక ఉద్యమమైన సల్వాజుడుం సభకు వెళ్లి లారీలో తిరిగొస్తున్న గ్రామస్థుల మీద పేల్చితే 25 మందికి పైగా చనిపోయారు. 2010 మే 17న దంతెవాడ జిల్లాలో ప్రయాణికుల బస్సును పేల్చితే 30 మందికి పైగా పోయారు. ఆ బస్సులో ప్రత్యేక పోలీసు అధికారులు కూడా ఉన్నారు. జనం ఎక్కే బస్సులో బలగాలను పంపడం తప్పే. అయినా మీట నొక్కినవాడి నేరం దానివల్ల తగ్గదు.

ఇంకో రకం ప్రెషర్ బాంబు. కాలి బరువు పడితే చాలు, పేలుతుంది. అక్కడ చూసేవాడు, ఆపేవాడు ఎవరూ ఉండరు. పాతినవాళ్లు దళం మారినా, చనిపోయినా అది మట్టిలో అలాగే ఉంటుంది. 2024 జూన్‌లో ములుగు జిల్లా వాజేడు మండలం కొంగాల అడవిలో కట్టెల కోసం వెళ్లిన ఒకాయన అలాగే ప్రాణం పోగొట్టుకున్నాడు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో, కర్రెగుట్టల్లో బాంబులు పెట్టాం, ఎవరూ రావద్దంటూ మావోయిస్టులు లేఖ వదిలారు. ఇప్పపువ్వు, తునికాకు, వంటచెరకు అన్నీ ఆ గుట్టల్లోంచే తెచ్చుకునే కుటుంబాలు ఎక్కడికి పోవాలి? ఒక లేఖతో బాధ్యత తీరదు.

మనుషుల మీద వాడే మందుపాతరలను పూర్తిగా నిషేధించిన 1997 ఒట్టావా ఒప్పందంలో భారత్ చేరలేదు. అయితే మన దేశం అంగీకరించిన మరో అంతర్జాతీయ నియమావళి దేశం లోపలి పోరాటాలకూ వర్తిస్తుంది. పౌరులపై మందుపాతరలు వాడకూడదనీ, పోరు ముగిశాక వాటిని తొలగించాలనీ అందులో ఉంది.

2025 అక్టోబరులో మల్లోజుల వేణుగోపాల్ వంటి మావోయిస్టు అగ్రనేతే ఆయుధం అప్పగించారు. లొంగిపోయిన ప్రతి ఒక్కరూ తాము ఎక్కడెక్కడ పాతారో చూపించాలి. ప్రభుత్వాలు లొంగుబాటు ఫొటోలతో ఆగిపోకుండా, వచ్చే తునికాకు సీజన్‌కు ముందే ఆ దారులు వెతికించి, ఏ గుట్ట ఎక్కవచ్చో ఊరూరా చెప్పాలి.