ఒళ్లు మరువని వరద

2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో ఆకేరు వాగు గట్లు దాటింది. మరిపెడ మండలం పురుషోత్తమాయగూడెం దగ్గర వంతెన మీదుగా వరద పారింది. సీతారాం తండా ఇళ్లు మునిగాయి. కేసముద్రం, ఇంటికన్నె నడుమ కంకర కొట్టుకుపోయి రైలు పట్టాలు గాలిలో వేలాడాయి. మనుషుల ప్రాణాలు పోయాయి. తర్వాత రైళ్లు నడిచాయి, రోడ్డు బాగైంది, పంట నష్టం లెక్కలు రాసుకున్నారు. మనుషుల ఒంట్లో నిలిచిపోయిన వరదను రాసుకునే రిజిస్టరు మాత్రం ఏ ఆఫీసులోనూ లేదు.

వరంగల్–ఖమ్మం రహదారి మీద మరిపెడకూ తొర్రూరుకూ మధ్య ఉంటుంది దంతాలపల్లి. అక్కడ ఏ ఇంట్లోనైనా ఉండగల ఒక రైతును ఊహించుకుందాం. కౌలుకు తీసుకుని పత్తి, మిర్చి వేసే మనిషి. రాత్రి రేకుల మీద వాన మొదలైతే చాలు, ఛాతీ బిగుసుకుపోతుంది, చేతులు చల్లబడతాయి. ‘ఒక మనసు పొలం కాడికి పొమ్మంటది, ఇంకో మనసు గడప దాటొద్దంటది’ అంటాడు. సాయంత్రమైతే మూడో మనసు లేస్తుంది. తాగి పడుకుంటే ఆ మోత వినబడదని చెబుతుంది. ‘ఏందయ్యా, వాన పోయి ఏడాదాయె గదా’ అని భార్య అడిగితే చెప్పడానికి అతని దగ్గర మాట ఉండదు.

జడుసుకున్నాడని తాయెత్తు కట్టించే పెద్దవాళ్లు కనీసం భయం ఒంట్లో ఉందని గుర్తించారు. ‘ధైర్యం తెచ్చుకో’ అని చెప్పి వెళ్లిపోయే మా బోటి చదువుకున్నవాళ్ల కంటే వాళ్లు నయం.

అమెరికాకు చెందిన చికిత్సకుడు పీటర్ లెవిన్ పట్టుకున్నదీ ఒంటినే. ప్రాణాపాయం వచ్చినప్పుడు శరీరం పోరాడటానికో పారిపోవడానికో సిద్ధమవుతుంది. రెండూ కుదరకపోతే కొయ్యబారిపోతుంది. ఆపద దాటాక కూడా ఆ సన్నాహం దిగకుండా ఉండిపోవడమే ట్రామా అంటాడాయన. 1997లో వచ్చిన ఆయన పుస్తకం ‘వేకింగ్ ద టైగర్’ ఈ ఆలోచనను లోకానికి చేర్చింది. ఆయన రూపొందించిన సొమాటిక్ ఎక్స్‌పీరియెన్సింగ్ పద్ధతిలో జరిగిందంతా ఏకబిగిన చెప్పించరు. అరికాళ్లకు నేల తగులుతోందా, వీపు గోడకు ఆనిందా అని ముందు నిమ్మళంగా ఉన్న చోటు వెతికిస్తారు. అక్కడి నుంచి బిగువున్న చోటికి ఒక్క క్షణం వెళ్లి, మళ్లీ నిమ్మళానికి తీసుకొస్తారు. భయాన్ని కొద్దికొద్దిగానే తాకిస్తారు.

మరి, కొట్లాడుకునే ఆ మూడు మనసుల సంగతి? 1980లలో రిచర్డ్ ష్వార్ట్జ్ అనే కుటుంబ చికిత్సకుడు, తిండి రుగ్మతలతో వచ్చినవాళ్లు తమ లోపల అనేక గొంతులున్నాయని చెబుతుంటే శ్రద్ధగా విన్నాడు. అందులోంచి పుట్టిందే ఇంటర్నల్ ఫ్యామిలీ సిస్టమ్స్ (ఐఎఫ్ఎస్) పద్ధతి. లోపల కొన్ని భాగాలు గాయాన్ని మోస్తుంటాయి. కొన్ని ఆ గాయం తగలకుండా ముందునుంచే కాపలా కాస్తాయి. గాయం రేగగానే మంటలార్పేవాళ్లలా ఉరికొచ్చేవి ఇంకొన్ని. మన రైతును సీసా దగ్గరికి లాక్కెళ్లేది ఈ చివరిదే. అది చేసే పని చెడ్డదైనా దాని ఉద్దేశం కాపాడటమే అంటాడు ష్వార్ట్జ్. తాగుబోతని తిట్టడానికి అలవాటుపడిన ఊళ్లో ఈ మాట చెప్పడం ఎంత కష్టమో తెలుసు. అయినా చెప్పాలి.

ఒంటితో పనిచేసే దారినీ ఈ లోపలి భాగాల దారినీ చికిత్సకురాలు సుసాన్ మెకానెల్ కలిపింది. సొమాటిక్ ఐఎఫ్ఎస్ మీద ఆమె పుస్తకం 2020లో వచ్చింది. కలపడం ఎందుకు? మాటలతోనే లోపలి భాగాలను పలకరిస్తే ఆ సంభాషణ తలలోనే తిరుగుతుండవచ్చు. నేరుగా ఒంటి బిగువు మీదికి వెళితే కాపలా కాసే భాగం బెదిరి, ఇంకా గట్టిగా తలుపు మూయవచ్చు. అందుకని ముందు దాని అనుమతి అడుగుతారు. ‘గడప దాటొద్దంటున్న మనసు నీ ఒంట్లో ఎక్కడుంది?’ అంటే మన రైతు గొంతు దగ్గర చెయ్యి పెడతాడేమో. అక్కడే ఆగుతారు. ‘నువ్వు పక్కకు జరిగితే ఏమవుతుందని భయం?’ అని దాన్నే అడుగుతారు. ‘మళ్లీ కొట్టుకుపోతాం’ అని జవాబు వస్తే దాన్ని కాదనరు, ఇన్నాళ్లూ కాపాడినందుకు మెచ్చుకుంటారు. అది కాస్త సడలితేనే ఛాతీలోని బిగువు వైపు ఒక అడుగు. అప్పుడు చేతులు వణకవచ్చు, కన్నీళ్లు రావచ్చు, పెద్ద నిట్టూర్పు రావచ్చు. ఆ వణుకును ఆపరు. వద్దని ఆ మనసు మళ్లీ అంటే ఆ పూటకు అంతే.

ఇందులో శరీర పద్ధతికి మన దేశంలోనే ఒక అనుభవం ఉంది. 2004 సునామీ తర్వాత చికిత్సకుడు రాజా సెల్వం బృందం తమిళనాడు తీరంలో బాధితులతో పనిచేసింది. 150 మందికి ఒక్కొక్కరికి 75 నిమిషాల చికిత్స ఇచ్చి, ఎనిమిది నెలల తర్వాత కూడా చాలామందిలో మెరుగుదల కనిపించిందని 2008లో ప్రచురించారు. పోల్చి చూసేందుకు చికిత్స అందని బృందం అందులో లేదు. 2017లో ఇజ్రాయెల్‌లో 63 మందితో జరిగిన అధ్యయనంలో అలాంటి పోలిక ఉంది, ఫలితమూ ఆశాజనకమే. రెండింటినీ కలిపిన పద్ధతికి మాత్రం ఇంత రుజువు ఇంకా పోగుపడలేదు. కాబట్టి మందులు వాడుతున్నవాళ్లు ఇది చదివి వాటిని ఆపకూడదు. పాత గాయాన్ని ఒంటరిగా తవ్వుకోకూడదు. చావు ఆలోచనలు వస్తుంటే ఆ రోజే సాయం అడగాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416, ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

మానసిక వైద్యం అందుకోవడం ప్రతి మనిషి హక్కని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. వరంగల్‌లో ఎంజీఎం ఆసుపత్రి ఉంది, 2022 నుంచి మహబూబాబాద్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. కానీ కూలి పోగొట్టుకుని, ‘పిచ్చి డాక్టరు దగ్గరికి పోయిండు’ అన్న మాట పడి, బస్సెక్కి అంత దూరం ఎవరు పోతారు? పూర్తి చికిత్స నేర్చినవాళ్లే చేయాలి, సరే. నేల మీద పాదాలు ఆనించి నిలబెట్టడం, తాగే మనిషిని తిట్టకుండా ముందు అడిగి వినడం, ఎవరిని పెద్దాసుపత్రికి పంపాలో గుర్తుపట్టడం ఆశా కార్యకర్తలకు నేర్పించవచ్చు. వాళ్లు ఎలాగూ ప్రతి గడపా ఎక్కుతున్నారు. ఆకేరు, పాలేరు వాగుల ఒడ్డు మండలాల్లో వానాకాలం మొదలుకాకముందే ఆ శిక్షణ జరగాలి.