కాలు కోల్పోయిన కుక్క కోలుకునే క్రమం: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పరిసరాల దృష్ట్యా పరిశీలన

వ్యాస సంగ్రహం

ప్రమాదం, ఎముక క్యాన్సర్, కుళ్ళిన గాయం వంటి కారణాల వల్ల కుక్క కాలును తొలగించవలసి వచ్చినప్పుడు, దాని బతుకు అక్కడితో ముగిసినట్లేనని పెంచేవారు భావించడం సహజం. పశువైద్య అనుభవం ఇందుకు భిన్నంగా ఉంది. మూడు కాళ్ళ నడకను కుక్క చాలావరకు తానే నేర్చుకుంటుంది. ఆ నడకకు అడ్డుపడే నేల, ఎండ, అధిక బరువు, అశ్రద్ధ మాత్రం మనుషులు సరిచేయవలసినవి. ఈ విషయాన్ని పాలమూరు దక్షిణ ప్రాంతపు పరిస్థితులకు అన్వయించి వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: కాలు తొలగింపు, కుక్కల సంరక్షణ, పశువైద్యం, నడిగడ్డ, నల్లమల, మంద కాపలా.

1. ప్రవేశిక

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డ, కృష్ణకు ఆవలి వనపర్తి, నల్లమల దాకా విస్తరించిన నాగర్‌కర్నూల్ 2016 అక్టోబరు 11న వేర్వేరు జిల్లాలుగా ఏర్పడేవరకు మహబూబ్‌నగర్ జిల్లాలో భాగాలు. ఇక్కడి గ్రామీణ జీవితంలో కుక్కకు నిర్దిష్టమైన స్థానం ఉంది. గొల్లకురుమల గొర్రెల మందకు అది కాపలా. చెంచు పెంటల్లో అడవి దారికి తోడు. రైతు కొట్టం దగ్గర రాత్రి కావలి. ఈ పనులన్నీ కాళ్ళ మీద ఆధారపడినవే. కనుక కాలు పోయిన కుక్కను ఇంకా పోషించాలా, వదిలేయాలా అన్న ప్రశ్న ఇక్కడ ప్రేమకు మాత్రమే కాక జీవనోపాధికి కూడా సంబంధించింది.

కొత్తకోట, పెబ్బేరు, బీచుపల్లి, అలంపూర్ చౌరస్తాల మీదుగా సాగే 44వ నంబరు జాతీయ రహదారి వంటి చోట్ల వాహనాల తాకిడి, పంటచేల చుట్టూ అడవిపందుల కోసం పన్నే ఉచ్చులు కుక్కల కాళ్ళకు పొంచి ఉన్న ప్రమాదాలు. ఎముక నుజ్జయి, రక్తప్రసరణ ఆగిన కాలును ఉంచితే విషం ఒళ్ళంతా పాకి ప్రాణానికే ముప్పు వస్తుంది. అటువంటి స్థితిలో కాలు తొలగింపు ప్రాణరక్షణ చర్య.

2. శరీరంలో కలిగే మార్పు

నిలబడిన కుక్క బరువులో సుమారు 60 శాతం ముందరి కాళ్ళపై, 40 శాతం వెనుక కాళ్ళపై పడుతుంది. అందువల్ల వెనుక కాలు కోల్పోయిన కుక్క సాధారణంగా త్వరగా నిలదొక్కుకుంటుంది. ముందరి కాలు పోయినదానికి మరికొంత సమయం పడుతుంది. మిగిలిన కాలు క్రమంగా శరీర మధ్యరేఖ వైపు జరిగి బరువును మోస్తుంది.

మోకాలి కింద మాత్రమే గాయమైతే కాలును పైదాకా ఎందుకు తీయాలని యజమానులు అడుగుతుంటారు. సగం మిగిలిన కాలును కుక్క నేలకు ఆనించబోతుంది. అది రాచుకుని పుండుపడుతుంది. అందుకే కృత్రిమ అవయవం అమర్చే ప్రత్యేక సందర్భాలను మినహాయిస్తే, వైద్యులు తొడ పైభాగం లేదా భుజం దాకా తొలగిస్తారు.

2015లో అమెరికా పశువైద్య సంఘ పత్రికలో వెలువడిన అధ్యయనం 64 కుక్కల యజమానుల అభిప్రాయాలను పరిశీలించింది. కుక్క స్వభావంలో మార్పు లేదని 58 మంది, తాము ఊహించినదానికంటే బాగా కోలుకుందని 50 మంది తెలిపారు. శస్త్రచికిత్స నాటికి బరువు ఎక్కువగా ఉన్న కుక్కల జీవన నాణ్యత తక్కువగా ఉన్నట్లు కూడా అదే అధ్యయనం గుర్తించింది. కాబట్టి మిగిలిన మూడు కాళ్ళ కీళ్ళు, శరీర బరువు ముందుగానే పరీక్షించవలసినవి.

3. మొదటి రెండు వారాలు

రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఆసుపత్రి ఈ మూడు పట్టణాలకూ వంద కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. హైదరాబాదులో శస్త్రచికిత్స చేయించినవారు తిరుగు ప్రయాణంలో కుక్కను మెత్తని పరుపుపై, కుట్లు పైకి ఉండేట్లు పడుకోబెట్టాలి.

చాలా కుక్కలు ఒకటి రెండు రోజుల్లోనే లేచి నిలబడతాయి. లేచేటప్పుడు పొట్ట కిందుగా తువ్వాలు చుట్టి ఊతమివ్వడం మేలు. కుట్ల చుట్టూ కొద్దిపాటి వాపు, కమిలిన రంగు సహజం. చీము, దుర్వాసన, కుట్లు విడిపోవడం, తిండి పూర్తిగా మానేయడం కనిపిస్తే ఆలస్యం చేయరాదు. కుట్లను సాధారణంగా 10 నుంచి 14 రోజులకు తీస్తారు. అంతవరకు నాకకుండా మెడకు రక్షణ పట్టీ ఉండాలి.

ఈ ప్రాంతంలో ప్రత్యేకంగా గమనించవలసింది ఈగల బెడద. ఆరుబయట కట్టేసిన కుక్క గాయంపై ఈగ వాలితే పురుగు పడుతుంది. దానికి కిరోసిన్, ఫినాయిల్ పోయడం కండను కాల్చి గాయాన్ని పెంచుతుంది. పొడిగా ఉన్న గదిలో ఉంచి, రోజుకు రెండుసార్లు గాయాన్ని చూడడమే సరైన జాగ్రత్త.

నొప్పికి వైద్యుడు రాసిన మందులే వాడాలి. ఇంట్లో ఉండే ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ మాత్రలు కుక్క జీర్ణాశయానికి, మూత్రపిండాలకు ప్రాణాంతకం కాగలవు. గాయం మానిన తరువాత కూడా ఉన్నట్టుండి అరవడం, లేని కాలి వైపు తిరిగి కొరకబోవడం నాడీ సంబంధమైన నొప్పికి సూచన కావచ్చు. దానికీ చికిత్స ఉంది. నొప్పితో ఉన్న కుక్క యజమానినైనా కరవవచ్చు. కరిస్తే గాయాన్ని సబ్బు నీళ్ళతో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళి రేబిస్ టీకా వేయించుకోవాలి.

4. నేల, నడక

మూడు కాళ్ళ కుక్కకు నునుపైన నేల పెద్ద ఇబ్బంది. షాబాదు బండలు, టైల్స్ పరిచిన ఇంట్లో అది జారిపడితే మిగిలిన కాలికి గాయమవుతుంది. నడవడానికే భయపడుతుంది. పడక నుంచి తిండి గిన్నె దాకా, గుమ్మం దాకా గోనెపట్టాలు లేదా జంపఖానా పరిస్తే ఖర్చు లేకుండానే ఈ సమస్య తీరుతుంది. గోళ్ళు, పాదాల మధ్య వెంట్రుకలు కత్తిరించడం పట్టును పెంచుతుంది.

కుట్లు తీసేదాకా మూత్ర విసర్జనకు తప్ప తిప్పరాదు. ఆ తరువాత ఐదు నిమిషాల నడకతో మొదలుపెట్టి, రోజుకు మూడు నాలుగు సార్లుగా పెంచాలి. దూకడం, మెట్లెక్కడం కొంతకాలం నివారించాలి. వీధి కుక్కలు తడబడుతున్న కుక్కపై దాడికి దిగే అవకాశం ఉంది కనుక మొదటి నెలల్లో తాడు విడవకూడదు.

5. ఎండ, తిండి, బరువు

మూడు కాళ్ళపై గెంతుతూ నడవడం శ్రమతో కూడినది. కుక్క ప్రధానంగా వగర్చడం ద్వారా శరీరాన్ని చల్లబరుచుకుంటుంది. ఈ జిల్లాల వేసవిలో నడక తెల్లవారుజామునే పూర్తి కావాలి. కాలిన తారురోడ్డుపై ఒక్క పాదం బొబ్బలెక్కినా నిలబడడానికి మిగిలేవి రెండు కాళ్ళే.

జాలితో ఎక్కువ తినిపించడం మంచి మనసుతో చేసే హాని. కదలిక తగ్గిన కుక్కకు ఎప్పటిలాగే అన్నం పెడితే బరువు పెరిగి కీళ్ళు అరుగుతాయి. చేత్తో తడిమితే పక్కటెముకలు తేలికగా తగలాలి. గాయం మానే దశలో ఉడికించిన గుడ్డు వంటి మాంసకృత్తులు కొంత పెంచి, అన్నం తగ్గించడం మంచిది.

6. తిరిగి పనిలోకి

మందతో రోజంతా నడవడం, తోడేలును తరమడం ఇక దాని పని కాదు. అయితే కాపలాలో ప్రధానమైనవి వాసన, వినికిడి, మొరుగు. ఇవి కాలితో పోలేదు. దొడ్డి దగ్గర, కొట్టం దగ్గర రాత్రి కావలికి అటువంటి కుక్క పనికొస్తుంది. కొత్త కుక్కను మంద వెంట పంపినా, పాతదాన్ని దొడ్డికి నిలుపుకోవచ్చు.

7. ముగింపు

కుక్క తన రూపాన్ని చూసి కుంగిపోతుందనడానికి ఆధారం లేదు. ఆ కుంగుబాటు ఎక్కువగా చూసేవారిది. నొప్పి అదుపులో ఉండి, నేల జారకుండా, బరువు పెరగకుండా చూస్తే చాలా కుక్కలు నెల రోజుల్లో కొత్త నడకకు అలవాటు పడతాయి. వృద్ధాప్యం, స్థూలకాయం, ఇతర కాళ్ళలో కీళ్ళ వ్యాధి ఉన్నవాటి విషయంలో వైద్యునితో కలిసి నిదానంగా ఆలోచించాలి. మిగిలినవాటిని కాలు పోయిందన్న ఒక్క కారణంతో రోడ్డు పక్కన వదిలివేయడం సమర్థనీయం కాదు.