ప్రోగ్రామ్ పోయే ముందు మాట: అపోహలు – వాస్తవాలు

సర్వర్ పడిపోయిందని ఫోన్ రాగానే డ్యూటీలో ఉన్నవాళ్లు మొదట తెరిచేది లాగ్ ఫైలు. తీరా చూస్తే చివరి లైను దాకా అంతా సవ్యంగానే ఉంటుంది. నిక్షేపంగా నడుస్తున్న ప్రోగ్రామ్ ఉన్నట్టుండి మాయమైపోయినట్టు కనిపిస్తుంది. సీ, గో, రస్ట్ లాంటి భాషల్లో సిస్టమ్స్ ప్రోగ్రాములు రాసేవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. పోయే ప్రోగ్రామ్ దగ్గర మరణ వాంగ్మూలం తీసుకోవడం గురించి మనలో పాతుకుపోయిన కొన్ని నమ్మకాలే ఇందుకు చాలావరకు కారణం.

అపోహ: పానిక్‌కి పై లైన్లోనే లాగ్ రాశాం కాబట్టి అది ఫైల్లో ఉండి తీరుతుంది.

రాసినంత మాత్రాన చేరినట్టు కాదు. సీలో ప్రింట్‌ఎఫ్‌తో రాసిన మాట టెర్మినల్ మీదైతే లైను పూర్తవగానే కనిపిస్తుంది. అదే అవుట్‌పుట్‌ని ఫైలుకో పైపుకో మళ్లిస్తే, కొన్ని కిలోబైట్లు పోగయ్యేదాకా ప్రాసెస్ సొంత బఫర్లోనే ఉండిపోతుంది. ఈలోగా అబార్ట్ అయితే బఫర్లో ఉన్నది కూడా పోతుంది. ల్యాప్‌టాప్‌లో కళ్లారా చూసిన లైను సర్వర్లో కనబడకపోవడానికి కారణం చాలాసార్లు ఇదే. స్టాండర్డ్ ఎర్రర్‌కి ఆ బఫర్ ఉండదు కనుక ఎర్రర్లు అందులోకే పంపాలి.

గోలో లాగ్ ప్యాకేజీలోని ఫేటల్ ఇంకో ఉచ్చు. అది సందేశం రాసి నేరుగా ఎగ్జిట్ అయిపోతుంది, డిఫర్ చేసిపెట్టిన పనులేవీ జరగవు. బఫర్ ఖాళీ చేసే పనిని డిఫర్‌లో పెట్టుకున్నవాళ్ల సంగతి ఇక చెప్పేదేముంది! రస్ట్‌లో వేగం కోసం లాగింగ్‌ని వేరే థ్రెడ్‌కి అప్పగించి, పానిక్ అయితే అబార్ట్ చేయమని కార్గో ఫైల్లో రాసుకున్నా ఇదే తంతు.

ఈ దెబ్బ తిన్నవాళ్లలో కొందరు లైను లైనుకీ ఎఫ్‌సింక్ చేయడం మొదలుపెడతారు. అంత అవసరం లేదు. రైట్ సిస్టమ్ కాల్ సక్రమంగా ముగిసిందంటే మాట కెర్నెల్ చేతికి చేరినట్టే. ఆ తర్వాత ప్రాసెస్ చచ్చినా కెర్నెల్ దాన్ని డిస్కులో రాస్తుంది. కరెంటు పోయినా, కెర్నెలే కూలినా మాట దక్కాలనుకుంటేనే ఎఫ్‌సింక్.

అపోహ: అన్‌వ్రాప్ ఉన్న ప్రతిచోటా ముందు ఒక ఎర్రర్ లాగ్ పెట్టాలి.

రస్ట్‌లో పానిక్ మూగగా జరగదు. ఏ ఫైల్లో, ఏ లైన్లో, ఏ సందేశంతో అన్నది స్టాండర్డ్ ఎర్రర్ మీద వస్తుంది. ఆ పని చేసేది పానిక్ హుక్. అబార్ట్ పెట్టుకున్నా అది ముందుగా నడుస్తుంది. మెయిన్ మొదట్లోనే సొంత హుక్ ఒకటి తగిలించి, సందేశాన్ని లాగ్‌లోకి పంపి ఫ్లష్ చేయిస్తే సరిపోతుంది, వంద చోట్ల వంద లైన్లు అక్కర్లేదు. అయితే హుక్‌కి అందేది పానిక్ మోసుకొచ్చిన సమాచారమే. అన్‌వ్రాప్ బదులు ఎక్స్‌పెక్ట్ వాడి ఏం ఆశించామో ఒక వాక్యంలో రాస్తే, అర్ధరాత్రి దాన్ని చదివేవాడికి ఆ వాక్యమే ఆధారం.

2025 నవంబర్ 18న క్లౌడ్‌ఫ్లేర్ నెట్‌వర్క్ కొన్ని గంటలపాటు తడబడి పెద్ద పెద్ద సైట్లే తెరుచుకోలేదు. డేటాబేస్ అనుమతుల్లో చేసిన మార్పుతో ఒక ఫైలు రెండింతలైంది. అందులో ఫీచర్లు 200 మించవని రాసుకున్న రస్ట్ కోడ్ ఎర్రర్ తిప్పి పంపింది. అందుకున్న చోట ఉన్నది అన్‌వ్రాప్. ఇంజనీర్లు మొదట ఎవరో భారీగా దాడి చేస్తున్నారేమోనని అనుమానించారు. సంస్థ ప్రచురించిన నివేదికలో నన్ను ఎక్కువగా ఆపింది మాత్రం వేరే సంగతి: పట్టుకోని ఎర్రర్లకు అదనపు వివరాలు చేర్చే డీబగ్గింగ్ వ్యవస్థలే సీపీయూని మింగేసి, స్పందనల్ని ఇంకా ఆలస్యం చేశాయి.

అపోహ: ఎర్రర్ గురించి ఎంత ఎక్కువ చెబితే అంత మంచిది, నష్టమేముంది?

నష్టం ఎంత ఉండొచ్చో చెప్పడానికి ఏరియాన్ 5 ఉంది. 1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలోని కూరూ నుంచి లేచిన ఈ రాకెట్‌కి అది తొలి ప్రయాణం. దాదాపు 37 సెకన్లకు, అడ్డు వేగానికి సంబంధించిన ఒక 64 బిట్ల సంఖ్యను 16 బిట్లలో ఇరికించబోయి దిశానిర్దేశక యూనిట్ ఆగిపోయింది. స్టాండ్‌బైగా ఉన్న రెండో యూనిట్ అదే కారణంతో 72 మిల్లీసెకన్ల ముందే ఆగిపోయి ఉంది. ఇంతవరకూ అందరూ చెప్పుకునేదే.

ఆ యూనిట్‌కి ఇచ్చిన ఆదేశాలు చూడండి: లోపం తలెత్తితే డేటా బస్ మీద తెలియజెయ్యి, వివరాలు చెరగని మెమరీలో రాయి, ప్రాసెసర్ ఆపెయ్యి. అది అక్షరాలా అలాగే చేసింది. బస్ మీద పెట్టిన ఆ లోపం వివరాలను ప్రధాన కంప్యూటర్ మామూలు ప్రయాణ సమాచారమనుకుని నాజిళ్లను చివరికంటా తిప్పేసింది. రాకెట్ విరిగి పేలిపోయింది. యూనిట్‌ని ఆపేసిన ఆ లెక్క రాకెట్ నేల విడిచాక దేనికీ పనికిరానిది కావడం వేరే విషాదం. నా దృష్టిలో ఇక్కడ సంఖ్య పట్టకపోవడం కన్నా పెద్ద తప్పు, ఎర్రర్‌నీ డేటానీ ఒకే దారిలో వదిలి, తేడా కనిపెట్టే గుర్తును అవతలివైపు చూసుకోకపోవడం.

అపోహ: పోయే ముందు ప్రతి ప్రోగ్రామ్‌కీ మాట్లాడే అవకాశం దొరుకుతుంది.

మెమరీ చాలక లినక్స్ ఓఓఎమ్ కిల్లర్ పంపే సిగ్‌కిల్‌ని ఏ ప్రోగ్రామూ పట్టుకోలేదు. కంటైనర్ 137 ఎగ్జిట్ కోడ్‌తో ఆగితే అనుమానం అటే పోవాలి. సాక్ష్యం మీ లాగ్‌లో ఉండదు, డీమెసేజ్‌లో వెతకాలి. సెగ్మెంటేషన్ ఫాల్ట్‌ని పట్టుకోవచ్చు గానీ, ఆ హ్యాండ్లర్లో ప్రింట్‌ఎఫ్ పిలవడం ప్రమాదం. మెమరీ కేటాయింపు తాళం చేతిలో ఉండగానే ఫాల్ట్ వచ్చి ఉంటే, ప్రోగ్రామ్ చావకుండా బిగుసుకుపోతుంది. అక్కడ నమ్మదగినది రైట్ లాంటి కొద్ది కాల్సే. క్రోమియం వాళ్ల క్రాష్‌ప్యాడ్ ఈ గొడవంతా ఎందుకని, క్రాష్ వివరాలు సేకరించే పనిని వేరే ప్రాసెస్‌కే అప్పగిస్తుంది.

అపోహ: కెర్నెలే పానిక్ అయితే ఇక జాడలు దొరకవు.

దొరుకుతాయి, ముందుగా ఏర్పాటు చేసుకుంటే. కేడంప్ పక్కన దాచి ఉంచిన రెండో కెర్నెల్‌ని లేపి, కూలినదాని మెమరీని భద్రపరుస్తుంది. పీస్టోర్ చివరి సందేశాలను రీబూట్ తర్వాత కూడా నిలిచే చోట ఉంచుతుంది. లినక్స్ 6.12 నుంచి పానిక్ సందేశాన్ని తెర మీద క్యూఆర్ కోడ్‌గా చూపించే వీలు కూడా వచ్చింది, ఫోన్‌తో స్కాన్ చేసుకోవడమే. ఆ కోడ్ తయారుచేసే భాగం రాసింది రస్ట్‌లోనే.