పచ్చపూసలు అసలువేనా?

మా వదిన ఓ ఎగ్జిబిషన్‌లో ఆకుపచ్చ పూసల దండ కొంది. లేత, ముదురు పచ్చ చారలతో ముచ్చటగా ఉంది. 'అసలు మాలకైట్' అన్నాడు అమ్మినాయన. ఇంటికొచ్చాక అనుమానం పట్టుకుంది. ఎవరో చెప్పారని ఒక పూస మీద నిమ్మరసం పిండి ఉంచింది. సన్నటి బుడగలొచ్చాయి. అసలుదేనని తేలింది గానీ, తెల్లారేసరికి ఆ పూస నునుపంతా పోయి వెలిసినట్టయింది!

ఎందుకంటారా? రాగిబిందెకు పట్టే పచ్చటి చిలుము చూశారుగా! మాలకైటూ ఇంచుమించు అలాంటిదే. రాగి ఖనిజం ఉన్న చోట నేల పైపొరల్లో గాలి, నీరు తగిలి ఏర్పడే రాగి కార్బొనేట్. చింతపండుకు చిలుము వదిలినట్టే, పులుపు తగిలితే ఈ రాయీ కరుగుతుంది.

పూస పాడవకుండా తెలుసుకోవాలంటే బరువు చూడటం మేలు. కంసాలి దగ్గర సన్నత్రాసు ఉంటుంది కదా. విడిపూసలను దారానికి గుచ్చి ఒకసారి మామూలుగా, మరోసారి నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీసి తూయించండి. మామూలుగా 40 గ్రాములున్న మాలకైట్ నీళ్లలో సుమారు 30 తూగుతుంది. మామూలు గాజయితే 24కి దిగుతుంది. ప్లాస్టిక్ పూసలు పది గ్రాములు తూగడమూ కష్టమే. మాలకైట్ తనంత పరిమాణం ఉన్న నీటికన్నా దాదాపు 4 రెట్లు బరువు మరి.

చారలూ గమనించండి. అసలు రాయిలో అవి వంకర్లు తిరుగుతూ, ఒకచోట సన్నగా, ఒకచోట వెడల్పుగా ఉంటాయి. ప్రతి పూసా అచ్చు గుద్దినట్టుంటే సందేహించాల్సిందే. పింగాణీ కప్పు అడుగున మెరుగు లేని గరుకు అంచు ఉంటుంది చూడండి, దానిమీద పూస రంధ్రం పక్కన కాస్త రాస్తే లేతపచ్చ గీత పడాలి. కత్తితో గీరి చూడమంటారు కొందరు. మాలకైట్ మెత్తన కాబట్టి గీత పడుతుంది, జేడ్ మీద పడదు. నిజమేగానీ, డబ్బు పోసి కొన్న దండను ఎవరు గీరుకుంటారు చెప్పండి!

వేణ్ణీళ్లు, సెంటు దీనికి పడవు. మెత్తటి బట్టతో తుడిస్తే చాలు. రంధ్రం పెద్దది చేయించాలంటే ఇంట్లో రాపిడి పెట్టనీయకండి, ఆ పొడి పీలిస్తే హాని. రాళ్లు వేసిన నీళ్లు తాగే వాళ్లున్నారు ఈమధ్య. ఈ రాయితో మాత్రం వద్దు, రాగి నీళ్లలోకి దిగుతుంది.

వదిన దండ తిరగ గుచ్చించింది. వెలిసిన పూస ఇప్పుడు మెడ వెనక, కొక్కెం పక్కన, జడ చాటున ఉంది.